గంజిపేటలో పాలు పొంగవు

తాయారు గిన్నె తోముతోంది. అడుగున మాడి అట్టకట్టిన పాలు కొబ్బరిపీచుకు లొంగలేదు, బూడిదకూ లొంగలేదు. చివరికి స్పూను తిరగేసి గీకడం మొదలుపెట్టింది.

"అయ్యో, గీకకే పిల్లా! లోపల గీతలు పడితే మళ్ళీ ఆ పాల ఆఫీసరు ఒప్పుకోడు," అంది గడపలో కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్న నాగమణి. "పోయినసారి ఏమన్నాడు? 'పాత్ర అంతర్భాగము నునుపుగా ఉండవలెను' అన్నాడా? నేనప్పుడే అనుకున్నాను, ఈయన గిన్నెని కూడా పెళ్ళిచూపులు చూస్తున్నాడేంటని. అన్నట్టు మన వీధి చివర సుభద్రమ్మ గారి తోటికోడలు..."

నాగమణి తాయారుకు ఆడపడుచు. మాటకు మాట అతికించుకుంటూ పొద్దున్న మొదలుపెట్టిన కబురును దీపాలవేళ దాకా లాగగలదు. మనసు మాత్రం వెన్న. తమ్ముడు దుర్గారావుకు పెళ్ళయి, అంబరపూడిలో కళ్ళజోళ్ళ దుకాణంలో పని దొరగ్గానే, "ఇల్లు దొరికేదాకా మా ఇల్లు లేదా ఏంటి?" అని ఇద్దరినీ తెచ్చి పెట్టుకుంది. తాయారుకు కూడా దగ్గర్లోనే ఒక బళ్ళో చిన్నపిల్లలకు అక్షరాలు దిద్దించే పని దొరికింది. అంతా బాగానే ఉంది, ఆ ఇంట్లో గదులు తప్ప. ఒక గది నాగమణి అత్తగారిది. రెండోది ఇంటర్ చదివే కూతుళ్ళది. మిగిలిన నలుగురూ హాల్లో పడుకుంటారు. ఆడవాళ్ళు ఫ్యాను కింద, మగవాళ్ళు టీవీ కింద. నాగమణి భర్త గవర్రాజు వార్తలు చూస్తూ నిద్రపోతాడు, టీవీ ఆపితే లేస్తాడు.

పెళ్ళయి ఆరునెలలైనా, తాయారు మొగుడితో చెప్పుకున్న రహస్యాలన్నీ కూరగాయల బజారులో బెండకాయలు ఏరుతూ చెప్పుకున్నవే.

ఆమె ఎవరినీ ఏమీ అనే మనిషి కాదు. పల్లెటూరి బడిలో చివరి వరసలో కూర్చుని అందరినీ చూస్తూ పెరిగింది. ఆమెకు కావలసింది కూడా పెద్దదేం కాదు. లోపలినుంచి గడియ పెట్టుకోవడానికి వీలున్న ఒక గది. అదీ ఆషాఢం రాకముందు. ఆషాఢం వస్తే కొత్త ఇంట్లో ఎవరూ దిగరు. పైగా కొత్త కోడలు కనుక వాళ్ళమ్మ వచ్చి పుట్టింటికి తీసుకుపోతుంది. మళ్ళీ శ్రావణంలో వచ్చి ఆ ఫ్యాను కిందే పడుకోవాలి.

అంబరపూడిలో ఇళ్ళు లేక కాదు. మెడికల్ కాలేజీ వచ్చింది, బైపాస్ రోడ్డు వచ్చింది, నిన్న మొన్నటి పురపాలక సంఘం నగరపాలక సంస్థ అయింది. ఏ సందులోకి తొంగిచూసినా కిందింటి మీద సగం కట్టిన పైయిల్లు, దానికి వేలాడే టులెట్ బోర్డు. వచ్చిన చిక్కల్లా అద్దెకు దిగినవాళ్ళు ఏడాది తిరక్కుండా పేట మార్చేస్తున్నారని కమిషనరుగారికి బెంగపట్టుకోవడంతో వచ్చింది. ఆయన రాజధాని నుంచి ఒక నిపుణుల బృందాన్ని పిలిపించారు.

నిపుణులు ఇల్లిల్లూ తిరిగి అడిగారు. నీళ్ళు రావని కొందరు, కాలవ మురుగు గుమ్మంలోకి వస్తోందని కొందరు, ఎనిమిది దాటితే ఇంటాయన గేటుకు తాళం వేస్తాడని కొందరు చెప్పారు. ఇవన్నీ వ్యక్తిగత అభిప్రాయాలని నిపుణులు పక్కన పెట్టేశారు. తర్వాత ఒకే ఇంట్లో పదేళ్ళకు మించి అద్దెకున్నవాళ్ళను పట్టుకుని, దిగిన రోజున ఏం చేశారని అడిగారు. అందరూ ఒకే మాట చెప్పారు. పాలు పొంగించామన్నారు. ఖాళీ చేసి పోయినవాళ్ళు కూడా పాలు పొంగించారా అని మాత్రం అడగలేదు. వాళ్ళు ఊళ్ళో లేరు కదా.

నెల తిరక్కుండా సుస్థిర నివాస పథకం వచ్చింది. "అద్దెకు దిగదలచిన ప్రతి కుటుంబమును తాము ఎంచుకొన్న పేటయందు పర్యవేక్షణాధికారి సమక్షమున పాలు పొంగించి, పొంగినట్లు ధ్రువపత్రము పొందవలెను. పొంగనిచో సదరు పేట సదరు కుటుంబమునకు సరిపడదని భావించబడును" అని గోడలన్నిటికీ అతికించారు. ధ్రువపత్రం లేనిదే ఏ ఇంటాయనా తాళంచెవి ఇవ్వకూడదు.

పర్యవేక్షణాధికారిగా విశ్వపతిగారిని వేశారు. ఆయన అంతకుముందు దోమల విభాగంలో ఉండేవారు. వెంట దిక్సూచి పట్టుకుని ఒక అటెండరు వస్తాడు.

తాయారు వాళ్ళు మొదట చూసింది ఆఫీసర్స్ కాలనీలో ఒక పై పోర్షను. మంచి రోజు చూసుకుని, కొత్త గిన్నెలో ప్యాకెట్టు పాలు పోసి పొయ్యి మీద పెట్టారు. చిటికెలో పొంగాయి. నాగమణి చప్పట్లు కొట్టింది. అటెండరు వంగి దిక్సూచి చూసి, పెదవి విరిచాడు.

"పడమర," అన్నారు విశ్వపతిగారు విచారంగా. "పడమటికి పొంగిన కుటుంబము పడమటికే పోవును."

"పడమటేపు ఏముందండీ?" అన్నాడు దుర్గారావు.

"బస్టాండు. అనగా విడిచిపోవు లక్షణము."

రెండోసారి హరిత ఎన్‌క్లేవ్‌లో. పొద్దున్నే వస్తానన్న అధికారి భోజనాలయ్యాక వచ్చారు. ఎండాకాలం చివర. పాలు వేడి తగలగానే విరిగిపోయాయి.

"మీరు పెందరాళే వచ్చుంటే విరిగేవి కాదండి," అన్నాడు దుర్గారావు ఉండబట్టలేక.

"ఆలస్యము అనునది పథకములో ఎక్కడా పేర్కొనబడలేదు. కావున దానిని కారణముగా పరిగణించుటకు వీలు లేదు."

విరిగిన పాలలో నాగమణి బెల్లం వేసి దగ్గరికి మరిగించింది. విశ్వపతిగారు వద్దు వద్దంటూనే రెండు కప్పులు తిన్నారు. తిని, "నిరాకరించడమైనది" అని రాసి వెళ్ళారు.

మూడోది నిన్న, బైపాస్ పక్కన. సిలిండరు అయిపోవచ్చి మంట మినుకుమినుకుమంది. పాలు పొంగకుండానే అడుగంటాయి. "మాడుట అనునది మౌన నిరాకరణము," అన్నారాయన. ఆ మౌనాన్నే తాయారు ఇప్పుడు గీకుతోంది.

ఇంతలో ఊరు పథకానికి అలవాటుపడిపోయింది. ఏ పేటలో పాలు ఎంత త్వరగా, ఎంత తూర్పుగా పొంగుతున్నాయో లెక్కగట్టి, నగరపాలక సంస్థ పేటలకు రంగులు వేసింది. ఆకుపచ్చ రంగు వచ్చిన హరిత ఎన్‌క్లేవ్‌లో అద్దెలు ఒకటిన్నర రెట్లయ్యాయి. అక్కడ మూడు రోజులకోసారి నీళ్ళ ట్యాంకరు వస్తుంది, వచ్చినప్పుడు కొట్లాట జరుగుతుంది. అయినా జనం ఎగబడ్డారు. "మా ఇంట పాలు తూర్పుకే పొంగును" అని టులెట్ బోర్డుల మీద రాయించుకున్నారు. తాపీమేస్త్రీలకు కొత్త గిరాకీ వచ్చింది. వంటింటి గచ్చును తూర్పువాటంగా వంచి కట్టేవాళ్ళు. అటువంటి ఒక ఇంట్లో అట్లు పోస్తే ఒక పక్క మందంగా, ఒక పక్క పల్చగా వచ్చేవి. ఇంటివాళ్ళు మందంగా ఉన్న పక్క చూపించి, "అదిగో తూర్పు," అని చుట్టాలకు చెప్పుకునేవారు.

ఆకుపచ్చ పేటలకు పార్కు ఇచ్చారు. పసుపు పేటలకు పెద్ద బర్నర్లు ఇచ్చారు. ఎరుపు రంగు ఒక్క పేటకే వచ్చింది. అది గంజిపేట.

గంజిపేట మీదుగానే తాయారు రోజూ బడికి నడుస్తుంది. ఆమెకు తిరిగే దారిని చూసుకుంటూ నడిచే అలవాటు. ఆ పేట కుళాయిల్లో పొద్దునా సాయంత్రం నీళ్ళు రావడం చూసింది. బిందెల దగ్గర ఎవరూ ఎవరినీ తిట్టుకోకపోవడం చూసింది. కాలవలో నీళ్ళు నిలవకుండా పారడం చూసింది. చీకటిపడ్డాక కూడా ఆడపిల్లలు మెట్ల మీద కూర్చుని పాఠాలు చదువుకోవడం చూసింది. ఒక డాబా ఇంటికి వేలాడే చిన్న బోర్డునూ చూసింది.

ఆ ఇల్లు అప్పాయమ్మది. మనవల్ని పెంచి పెద్దచేసిన ముసలామె. తాయారుకూ దుర్గారావుకూ వీధివైపు పోర్షను చూపించింది. ఒక గది, ఒక వంటిల్లు. సున్నం కొత్తగా వేయించింది. తాయారు కిటికీ చూడలేదు, అలమర చూడలేదు. గది తలుపు వెనక్కి తిప్పి చూసింది. ఇనప గడియ ఉంది.

"ఇల్లు బావుంది మామ్మగారూ. మరి మీ పేటకి ఎర్రరంగు ఎందుకేశారు?" అన్నాడు దుర్గారావు.

"మా ఇళ్ళల్లో పాలు పొంగవు బాబూ."

"ఎందుకని?"

"పొంగనివ్వం గనక! ఉండేది అర్ధలీటరు. అందులోనే పిల్లలకి, కాఫీకి, తోడుకి. పొయ్యిమీద పొంగబోసుకుంటే రేపు మజ్జిగెక్కడిది? పొంగు పైకి రాగానే దించేస్తాం. ఆఫీసోళ్ళొచ్చి వీధి వీధంతా చూశారు. ఒక్క గిన్నె పొంగలేదంట. మా పాలకి ఆ స్వభావం లేదని రాసుకెళ్ళిపోయారు."

దుర్గారావు మర్నాడే నగరపాలక సంస్థకు వెళ్ళాడు. గంజిపేటలో ముప్పై ఏళ్ళుగా అద్దెకున్నవాళ్ళు ఉన్నారని, ఊళ్ళో ఇంత స్థిరంగా ఉన్న పేట మరొకటి లేదని విన్నవించుకున్నాడు. విశ్వపతిగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఆ జోడు దుర్గారావు దుకాణంలో కొన్నదే.

"పొంగని పేటలో ఉండుట స్థిరత్వము కాదు. కదలలేకపోవుట."

"మేమూ కదలకుండానే ఉంటామండి. ఆషాఢం వచ్చేస్తోంది. దయచేసి ఒకసారి వచ్చి చూడండి."

ఆయన దస్త్రం తిరగేశారు. ఎర్ర పేటలో పరీక్షకు కొత్త ఉత్తర్వు ప్రకారం నడుచుకోవాలని, అది సామాన్యమైనది కాదని హెచ్చరించి, గురువారం వస్తానన్నారు. తాయారు వాళ్ళమ్మ ఆదివారం వస్తానని కబురు పెట్టింది.

గురువారం సాయంత్రం అందరూ అప్పాయమ్మ పోర్షనులో చేరారు. నాగమణి చాపలూ దుప్పట్లూ ఆవకాయ సీసా తెచ్చింది. గవర్రాజు వస్తూనే టీవీకి ప్లగ్గు ఎక్కడుందో వెతుక్కున్నాడు. గేదెపాలు వచ్చాయి. తాయారు తోమిన గిన్నె తళతళ మెరుస్తోంది. విశ్వపతిగారు అటెండరుతో లోపలికొచ్చి, గొంతు సవరించుకుని ఉత్తర్వు చదివారు.

"పాలు చూచుచుండగా పొంగవనియు, చూపు మరల్చిన తోడనే పొంగుననియు నగరములోని గృహిణులు ఏకగ్రీవముగా తెలియజేసియున్నారు. అధికారుల చూపు వలన ఇంతవరకు అనేక పాలు అన్యాయమునకు గురియైనవి. కావున ఇకమీదట పరీక్షాసమయమున అక్కడనున్న వారెల్లరును గోడవైపు తిరిగి నిలువవలెను. మాటలాడరాదు."

"మరి పొంగిందీ లేందీ ఎలా తెలుస్తుందండీ?" అంది నాగమణి.

"శబ్దము, వాసన."

"తూర్పో పడమరో?"

"తదుపరి తడిని బట్టి. ఇక మాటలాడరాదు."

గవర్రాజు మెల్లిగా, "మా ఆవిడకి ఈ రూలు కాస్త సడలిస్తారాండి, పాణం పోద్ది," అన్నాడు. సడలించలేదు.

పొయ్యి వెలిగించి, ఏడుగురూ ఆ చిన్న వంటింట్లో గోడలకేసి తిరిగి నిలబడ్డారు. విశ్వపతిగారు చేతులు వెనక్కి కట్టుకున్నారు. అటెండరు దిక్సూచిని గుండెకు హత్తుకున్నాడు. అప్పాయమ్మ పొయ్యి పక్క గోడను ఆనుకుంది. నాగమణి కొంగు నోట్లో కుక్కుకుంది. తాయారు, దుర్గారావు ఒకే గోడకు పక్కపక్కన నిలబడ్డారు. కొత్త సున్నం వాసన. ఎవరి చూపూ వాళ్ళ మీద లేదు. పెళ్ళయ్యాక ఇంతమంది మధ్య వాళ్ళిద్దరినీ ఎవరూ చూడకపోవడం ఇదే మొదలు.

దుర్గారావు చిటికెనవేలు వచ్చి తాయారు చిటికెనవేలిని పట్టుకుంది.

"గదికి గడియ ఉందండి," అంది ఆమె, పెదవులు కదలకుండా.

"చూశాను," అన్నాడతను.

"ఎవరది?" అన్నారు విశ్వపతిగారు గోడతో.

పాలు ముందు సన్నగా సందడి చేశాయి. తర్వాత ఆ సందడి మెత్తబడింది. వాసన చిక్కబడింది. అప్పుడు కంటి చివర ఏదో కదిలింది. అప్పాయమ్మ గోడకేసే చూస్తోంది, పెదవులు దేవుడి పేరే తలుచుకుంటున్నాయి, కుడిచెయ్యి మాత్రం దానంతటది వెనక్కి జరిగి పొయ్యి మీటను తడుముకుంటోంది. అర్ధలీటరు పాలను ఏ రోజూ నేలపాలు చెయ్యని చెయ్యి అది. చెవితోనే పొంగును కనిపెట్టింది. మీట సగం తిప్పేసింది. మంట తగ్గింది. పైకొస్తున్న పాలు ఆగి, దిగడం మొదలుపెట్టాయి.

తాయారు ఒక్క అంగలో వెళ్ళి ఆ ముసలిచేతిని మణికట్టు దగ్గర పట్టుకుంది.

"ఈ ఒక్కసారికీ పోనియ్యండి మామ్మగారూ!"

బళ్ళో పిల్లలు కూడా ఆమె గొంతు అంత గట్టిగా ఎప్పుడూ వినలేదు. అప్పాయమ్మ ఉలిక్కిపడి తన చేతిని తానే వింతగా చూసుకుంది. "అయ్యో నా తల్లీ! ఈ పాడు చెయ్యి నా మాట వినదే," అని దాన్ని రెండో చేత్తో పట్టుకుంది. తాయారు మీటను పూర్తిగా తిప్పి మంట పెంచి, మళ్ళీ గోడ దగ్గరికి పరుగెత్తింది.

పాలు లేచాయి. అన్ని దిక్కులా ఒక్కసారిగా పొర్లి, చుయ్యిమని మంటను ఆర్పేసి, అరుగు మీంచి నేలకు దిగి, విశ్వపతిగారి మడమలను తడిపాయి.

"పొంగినట్లు అనుభవమునకు వచ్చుచున్నది," అన్నారాయన, గోడకేసి చూస్తూనే.

అందరూ తిరిగారు. అటెండరు దిక్సూచి పట్టుకుని గిన్నె చుట్టూ ఒకసారి తిరిగాడు. మళ్ళీ ఒకసారి తిరిగాడు.

"నాలుగేపులా పొంగిందండి. ఒక్క దిక్కే రాయాలి కదండి. నాలుగు రాయడానికి చోటు లేదు."

విశ్వపతిగారి ముఖం వాడిపోయింది. తాయారు ఆయన ముందుకు వచ్చి నిలబడింది. "నాలుగింటిలో తూర్పు కూడా ఉంది కదండీ," అంది.

ఆయన ఆ వాక్యాన్ని లోపల తిరగేసి, బోర్లేసి చూశారు. ఎక్కడా తప్పు దొరకలేదు. "తూర్పునకు పొంగలేదని చెప్పుటకు ఆధారము లేదు," అని, జేబులోంచి ముద్ర తీసి ధ్రువపత్రం మీద గుద్దారు.

నాగమణి నోట్లోంచి కొంగు తీసి ఒక్కసారిగా దాచుకున్న మాటలన్నీ వదిలింది. అప్పాయమ్మ గిన్నెలో మిగిలినంతలో అందరికీ కాఫీ కలిపి, పోయిన పాలకు కాసేపు బాధపడింది. విశ్వపతిగారు కుళాయి కింద కాళ్ళు కడుక్కున్నారు. నీళ్ళు ధారగా పడుతుంటే కుళాయి కట్టెయ్యడం మరిచిపోయి అలాగే చూస్తూ నిలబడ్డారు. తర్వాత అప్పాయమ్మను పక్కకు పిలిచి గొంతు తగ్గించారు.

"మీ వెనకవైపు ఏదైనా పోర్షను ఖాళీ అవుతుందాండి?"

"మీకాండి? మీరుండేది ఆకుపచ్చ పేటంట కదా!"

"ఆయ్. మా ఇంట్లో పాలు తూర్పుకే పొంగుతాయి. గిన్నె కడుక్కోడానికే నీళ్ళుండవు," అన్నారాయన. ఆయన నోట మామూలు మాట వినడం అందరికీ అదే మొదటిసారి.

"ఉంటే చెప్తాన్లెండి. మా పేటలో పొంగించడం మీకొచ్చు కదా," అంది అప్పాయమ్మ.

అధికారి వెళ్ళిపోయారు, అటెండరూ వెళ్ళాడు. అప్పాయమ్మ తన వైపు ఇంట్లోకి వెళ్ళిపోయింది. దీపాలవేళయింది. తాయారు అన్నం వండింది. ఆవకాయతో అందరూ తిన్నారు. నాగమణి చెయ్యి కడుక్కుని, గదిలో చాపలు పరచడం మొదలుపెట్టింది.

"కొత్తిల్లు కదే, ఇద్దరే పడుకుంటే బెరుగ్గా ఉంటుంది. ఇవాళ్టికి మేమూ ఇక్కడే. నువ్వూ నేనూ ఈ ఫ్యాను కింద. వాళ్ళిద్దరూ అటు గోడవార. రేపు నేను పప్పులూ ఉప్పులూ సర్దిపెడతాను. ఎల్లుండి కూడా ఉండమన్నా ఉంటాను, నాకేం పని? ఆదివారం మీ అమ్మగారొచ్చేదాకా నీకు తోడుగా ఉంటే సరిపోద్ది. అన్నట్టు సుభద్రమ్మ గారి తోటికోడలు కూడా కొత్తింట్లో దిగినప్పుడు..."

గవర్రాజు అప్పటికే గోడవార చాప మీద నడుం వాల్చి, "టీవీ లేపోతే నిద్రెలా పడుతుందే," అంటున్నాడు. దుర్గారావు గోడకు చేరగిలబడి ధ్రువపత్రాన్ని మడతలు పెట్టాడు. అక్కతో ఏమంటాడు? ఆరునెలలు అన్నం పెట్టిన మనిషి.

తాయారు లేచింది. కొబ్బరినూనె సీసా తెచ్చుకుని, తలుపు దగ్గర కూర్చుంది. సున్నం చుక్కలు పడి ఎండిపోయి ఇనప గడియ బిగుసుకుపోయింది. వేలితో నూనె రాసి, లోపలికి నెట్టింది. కిర్రుమంది. వెనక్కి లాగింది. మళ్ళీ రాసింది, మళ్ళీ నెట్టింది. నుదుటి మీద చెమట పట్టింది. గడియను తప్ప దేన్నీ చూడటం లేదు. కొంచెం కొంచెంగా అది వదులైంది. చివరికి చప్పుడు లేకుండా జారి గోడలోని రంధ్రంలో కూర్చుంది. తాయారు దాన్ని తీసి, మళ్ళీ వేసి చూసుకుంది. ఆమె ముఖంలోకి వచ్చిన నవ్వు ఎవరికోసమూ వచ్చింది కాదు.

నాగమణి మాట మధ్యలో ఆగింది. మరదలి వైపు చూసింది. గోడకు చేరగిలబడిన తమ్ముడి వైపు చూసింది. తను పరిచిన చాపల వైపు చూసింది. నోరు తెరిచి, మూసుకుంది.

వంగి ఒక చాప చుట్టి చంకన పెట్టుకుంది. గవర్రాజు భుజం పట్టి లేపింది.

"ఎక్కడికే? ఇప్పుడేగా పడుకుంది," అన్నాడతను. ఆమె జవాబు చెప్పలేదు. "చెప్పుల్లేకుండా ఎక్కడికే?" అన్నాడు. దానికీ చెప్పలేదు. అతని చెప్పులు ఒక చేత్తో, అతన్ని ఒక చేత్తో పట్టుకుని, పలకకుండా గుమ్మం దాటి వీధిలోకి నడిచింది.